ఉపరితలానికి పట్టువిడుపులు తెలియాలి

బంగారం తుప్పు పట్టదు, నల్లబడదు, గాలితోనూ నీటితోనూ కలవదు. ఆభరణానికి ఇది సుగుణమే కానీ, ఉత్ప్రేరక రసాయన శాస్త్రంలో చాలాకాలం పాటు ఇదే గుణం లోపంగా లెక్కకు వచ్చింది. తానే ఏ చర్యలోనూ పాలుపంచుకోని లోహం వేరొక చర్యను వేగిరపరుస్తుందని ఆశించడానికి కారణం కనిపించలేదు. ఈ అభిప్రాయాన్ని మార్చినది జపాన్‌కు చెందిన మసటాకె హరుటా బృందం. లోహ ఆక్సైడ్ల మీద అతి సూక్ష్మ కణాలుగా పరిచిన బంగారం, సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన, దాదాపు మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా, కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చగలదని ఆ బృందం 1987లో చూపింది. అయితే ఈ చురుకుదనం కణం 5 నానోమీటర్ల లోపు ఉన్నంతసేపే (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు). కణాలు ఒకదానితో ఒకటి కలిసి పదుల నానోమీటర్లకు పెరిగితే బంగారం మళ్లీ పాత బంగారమే అయిపోతుంది.

నానో పదార్థాల పరిశోధనకున్న బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తాయి. పదార్థపు రసాయన స్వభావం అది ఏ మూలకమన్న దాని మీదే కాక, ఎంత పరిమాణంలో ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుందన్నది బలం. ఆ పరిమాణం పనిచేసే పరిస్థితుల్లో నిలకడగా ఉండదన్నది బలహీనత. శక్తి నిల్వ, ఉత్ప్రేరణ, రసాయన సెన్సర్లు అనే మూడు రంగాలను సాధారణంగా విడివిడిగా చర్చిస్తారు. వాటి పత్రికలు వేరు, కొలమానాలు వేరు, పరిభాష కూడా వేరే. నిజానికి మూడింటిలోనూ జరిగే పని ఒకటే. ఒక అయాన్ గానీ అణువు గానీ ఘనపదార్థపు ఉపరితలానికి వచ్చి, అక్కడ పట్టుబడి, పని ముగిశాక విడుదల కావాలి. బ్యాటరీలో లిథియం ఎలక్ట్రోడ్‌లోకి వెళ్లాలి, తిరిగి రావాలి. ఉత్ప్రేరకం మీద అణువు అతుక్కోవాలి, మారాలి, వదిలిపోవాలి. సెన్సర్ మీద వాయువు వాలాలి, సంకేతం ఇవ్వాలి, ఎగిరిపోవాలి. కణాన్ని చిన్నది చేస్తే పట్టు పెరుగుతుంది. విడుపు మాత్రం దానంతట అది పెరగదు సరికదా, చాలాసార్లు తగ్గుతుంది. గత మూడు నాలుగు దశాబ్దాల్లో ఏ ఫలితాలు ప్రయోగశాల గడప దాటాయో, ఏవి దాటలేకపోయాయో ఈ కోణంలో చూస్తే చాలావరకు బోధపడుతుంది.

మొదట లెక్క. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే ఒక నానోమీటరు భుజం గల ఘనాలుగా ముక్కలు చేయగలిగితే పదార్థం రవ్వంత కూడా పెరగదు, ఉపరితలం మాత్రం 6,000 చదరపు మీటర్లకు, అంటే దాదాపు ఎకరంన్నరకు చేరుతుంది. అంతకన్నా ముఖ్యమైన మార్పు పరమాణువుల వాటాలో వస్తుంది. పది నానోమీటర్ల లోహ కణంలో ఏడింట ఒక వంతు పరమాణువులు మాత్రమే పై పొరలో ఉంటాయి. రెండు నానోమీటర్లకు వచ్చేసరికి సగానికి పైగా పరమాణువులు బయటే ఉంటాయి. బంగారు స్ఫటికం లోపలి పరమాణువు చుట్టూ 12 పరమాణువులు ఉంటే, చదునైన పై తలం మీది దానికి 9 లేదా 8, అంచున 7, మూలన 6 మాత్రమే ఉంటాయి. పొరుగు లేని వైపున మిగిలిన బంధాలు ఎదురుపడిన అణువును పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. నానో కణాల రసాయన చురుకుదనానికి పెద్ద మూలం ఇదే.

అవే తీరని బంధాలు కణాన్ని అస్థిరం కూడా చేస్తాయి. ఉపరితలం ఎక్కువైతే దానిలో నిల్వ ఉన్న శక్తి ఎక్కువవుతుంది, ఆ శక్తిని వదిలించుకోవడానికి పదార్థం అనుక్షణం దారులు వెతుకుతుంది. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రెండు మూడు నానోమీటర్ల బంగారు కణాలు అంతకన్నా వందల డిగ్రీల దిగువనే కరిగిపోతాయి. కరగడం దాకా పోనవసరం కూడా లేదు. చిన్న కణాల నుంచి పరమాణువులు ఊడి పెద్ద కణాల మీద చేరుతూ ఉంటాయి. చిన్నవి క్రమంగా మాయమవుతాయి, పెద్దవి మరింత పెద్దవవుతాయి. ఆస్ట్వాల్డ్ పేరుతో పిలిచే ఈ ప్రక్రియకు మత్స్యన్యాయం అన్న పాత మాట చక్కగా సరిపోతుంది. వేడి, తేమ, విద్యుత్ పొటెన్షియల్, ఆమ్ల మాధ్యమం, వీటిలో ఏది తోడైనా ఈ న్యాయం వేగం పుంజుకుంటుంది. దురదృష్టవశాత్తు బ్యాటరీలు, ఉత్ప్రేరకాలు, సెన్సర్లు పనిచేసేది సరిగ్గా ఈ పరిస్థితుల్లోనే.

ఉపరితల వైశాల్యం అనే అంకె గురించి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. దానిని సాధారణంగా మైనస్ 196 డిగ్రీల వద్ద నైట్రోజన్ అణువులు ఎన్ని అతుక్కున్నాయన్న దానిని బట్టి గణిస్తారు. బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. నైట్రోజన్ దూరగలిగిన ప్రతి సందులోకీ ద్రావణిని చుట్టుకున్న అయాన్ దూరగలదని ఆ అంకె హామీ ఇవ్వదు. లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి అల్లిన, రంధ్రాలు నిండిన లోహ-సేంద్రియ చట్రాలనే పదార్థాల అభివృద్ధికి కిటగావా, రాబ్సన్, యాఘీలు 2025 రసాయన శాస్త్ర నోబెల్ పొందారు. వీటిలో కొన్నింటికి గ్రాముకు 7,000 చదరపు మీటర్లను మించిన వైశాల్యం ఉంది. వాయువులను ఒడిసిపట్టడానికి అది గొప్ప సంపదే. కానీ ఈ చట్రాల్లో అత్యధికం విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వవు కనుక ఎలక్ట్రోడ్‌గా వాడదలచుకున్నవారికి ఆ వైశాల్యం తాళం వేసిన గిడ్డంగి లాంటిది.

శక్తి నిల్వలో నానో పరిమాణం సాధించిన స్పష్టమైన విజయం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం 1997లో ఈ పదార్థాన్ని కాథోడ్‌గా, అంటే బ్యాటరీ ధన ఎలక్ట్రోడ్‌గా, ప్రతిపాదించినప్పుడు దాని చవకదనం, భద్రత అందరినీ ఆకర్షించాయి గానీ, విద్యుత్ వాహకత మరీ హీనంగా ఉండడం వల్ల గ్రాముకు 170 మిల్లీ ఆంపియర్ గంటల సైద్ధాంతిక సామర్థ్యంలో కొంత భాగమే, అదీ చాలా నెమ్మదిగా, చేతికి వచ్చేది. పరిష్కారం రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఒకటి, కణాల మీద పలుచని కార్బన్ పూత. రెండవది, కణాన్ని వంద నానోమీటర్ల స్థాయికి తగ్గించడం. ఘనపదార్థంలో అయాన్ వ్యాపనానికి పట్టే సమయం దూరపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది; కణం 10 మైక్రోమీటర్ల నుంచి 100 నానోమీటర్లకు తగ్గితే దూరం నూరో వంతు, సమయం పదివేలో వంతు అవుతుంది. దీనికి తోడు మరో సూక్ష్మం ఉంది. ఈ స్ఫటికంలో లిథియం ఒకే దిశలో సాగే సన్నని సొరంగాల గుండా ప్రయాణిస్తుంది. లిథియం ఉండవలసిన చోట ఇనుము పరమాణువు వచ్చి కూర్చుంటే ఆ సొరంగం మూసుకుపోతుంది. పొడవైన సొరంగంలో ఇలాంటి అడ్డంకులు రెండు ఏర్పడితే మధ్యలో చిక్కిన లిథియం బయటపడలేదు. సొరంగమే పొట్టిదైతే రెండు అడ్డంకులు పడే అవకాశం చాలా తక్కువ. నేడు విద్యుత్ వాహనాల్లోనూ పెద్ద నిల్వ కేంద్రాల్లోనూ ఈ పదార్థం విరివిగా కనిపించడానికి వెనుక ఈ చిన్న రేఖాగణితం ఉంది.

అయితే ఇదే ఉపాయం సిలికాన్ దగ్గర ఎందుకు అంత తేలికగా పారలేదన్నది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న. ఆనోడ్‌గా, అంటే రుణ ఎలక్ట్రోడ్‌గా, వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ గంటలు నిల్వ చేస్తే సిలికాన్ దాదాపు 3,600 నిల్వ చేయగలదు. అంత లిథియాన్ని మింగిన సిలికాన్ మూడు నాలుగు రెట్లకు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుపోతుంది, ఈ ఊపిరిలో కణాలు పగిలి పొడి అవుతాయి. 2008లో స్టాన్‌ఫర్డ్‌లోని యీ కుయ్ బృందం సిలికాన్‌ను నానో తీగలుగా పెంచి, తీగల మధ్య ఖాళీ ఉబ్బడానికి చోటిస్తుందని, సన్నని తీగ పగలకుండానే సాగుతుందని చూపింది. సుమారు 150 నానోమీటర్లకన్నా చిన్న స్ఫటిక సిలికాన్ కణాలు మొదటి ఛార్జింగ్‌లో పగలవని 2012లో సూక్ష్మదర్శిని కింద చేసిన పరిశీలనలు తేల్చాయి. పగుళ్ల సమస్య తీరినట్టే అనిపించింది.

తీరినది పగుళ్ల సమస్య మాత్రమే. గ్రాఫైట్, సిలికాన్ ఆనోడ్లు పనిచేసే అల్ప పొటెన్షియల్ వద్ద, ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లను మోసే ద్రవ ఎలక్ట్రోలైట్ స్థిరంగా ఉండదు. అది ఆనోడ్ ఉపరితలం మీద విచ్ఛిన్నమై, కొంత లిథియాన్ని తనలో బంధించుకుని, ఒక పలుచని పొరగా గడ్డకడుతుంది. గ్రాఫైట్ మీద ఆ పొర ఒకసారి ఏర్పడి ఇకపై జరిగే విచ్ఛిన్నాన్ని ఆపుతుంది కనుక అది వరమే. ఉబ్బుతూ తగ్గుతూ ఉండే సిలికాన్ మీద మాత్రం పొర ప్రతిసారీ చిరుగుతుంది, చిరిగిన ప్రతిచోటా కొత్త పొర పుడుతుంది, కొత్త పొర మరికొంత లిథియాన్ని తింటుంది. కణాన్ని నానో పరిమాణానికి తగ్గించడం అంటే ఈ మేతకు మరింత విశాలమైన బయలు చూపించడమే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పగుళ్ల కోసం చేసిన చికిత్స లిథియం క్షయాన్ని పెంచింది.

ఈ నష్టం ఎంత తీవ్రమో చిన్న లెక్కలో తెలుస్తుంది. ప్రతి ఆవృత్తిలో, అంటే బ్యాటరీ ఒకసారి నిండి ఖాళీ అయ్యేసరికి, 99.5 శాతం లిథియం తిరిగి వస్తుందంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. మరో చోటి నుంచి లిథియం అందని బ్యాటరీలో 200 ఆవృత్తుల తర్వాత మిగిలేది 37 శాతమే. వెయ్యి ఆవృత్తుల తర్వాత 80 శాతం మిగలాలంటే ప్రతిసారీ 99.98 శాతం రావాలి. ప్రయోగశాలల్లో ఆనోడ్‌ను తరచుగా లిథియం లోహపు రేకుకు ఎదురుగా పరీక్షిస్తారు; ఆ రేకులో లిథియం కావలసినదానికన్నా ఎంతో ఎక్కువ ఉండడంతో రోజూ జరిగే దొంగతనం ఖాతాలో కనిపించదు. వందల ఆవృత్తులు చెక్కుచెదరకుండా నడిచిందని చెప్పే రేఖాపటాలను చదివేటప్పుడు ఎదుటి ఎలక్ట్రోడ్ ఏమిటన్న ప్రశ్న మొదట అడగడం మంచిది.

ఇదే సూత్రాన్ని అటు నుంచి ధ్రువపరిచేది లిథియం టైటనేట్. లిథియం లోహంతో పోల్చితే 1.55 వోల్టుల వద్ద పనిచేసే ఈ ఆనోడ్ ఎలక్ట్రోలైట్‌ను గ్రాఫైట్ విచ్ఛిన్నం చేసినంతగా చేయదు. పైగా లిథియం చేరినా స్ఫటికం దాదాపు ఉబ్బదు. అందుకే దానిని నిశ్చింతగా నానో కణాలుగా తయారు చేసి, నిమిషాల్లో ఛార్జ్ అయ్యే, వేల ఆవృత్తులు మన్నే బ్యాటరీలుగా అమ్ముతున్నారు. మూల్యం వేరే చోట చెల్లించాలి: సామర్థ్యం గ్రాముకు 175 మిల్లీ ఆంపియర్ గంటలే, వోల్టేజి కూడా తగ్గుతుంది కనుక అదే బరువుకు నిల్వయ్యే శక్తి తక్కువ. ఐరన్ ఫాస్ఫేట్, టైటనేట్, సిలికాన్ మూడింటినీ పక్కపక్కన పెడితే నియమం స్పష్టమవుతుంది. ఎలక్ట్రోలైట్‌కూ ఎలక్ట్రోడ్‌కూ కయ్యం లేని చోట నానో పరిమాణం లాభం. కయ్యం ఉన్న చోట అది కయ్యానికి కాలుదువ్వే స్థలాన్ని విస్తరిస్తుంది. వాణిజ్య బ్యాటరీల్లో సిలికాన్ నేటికీ ఎక్కువగా గ్రాఫైట్‌తో కొద్ది పాళ్లలో కలిపిన మిశ్రమంగానే ఉండడానికి ఇది ముఖ్య కారణం.

సూపర్ కెపాసిటర్లలో వ్యవహారం సరళం. ఇక్కడ అయాన్ పదార్థంలోకి దూరదు, ఉపరితలం పక్కన వరుస తీరి నిలబడుతుంది. పట్టు బలహీనం కనుక విడుపు తక్షణం. లక్షల ఆవృత్తుల మన్నిక, సెకన్లలో ఛార్జింగ్ దీని ఫలితమే, కిలోగ్రాముకు అయిదు నుంచి పది వాట్ గంటల శక్తి మాత్రమే నిల్వ కావడం కూడా దీని ఫలితమే. వైశాల్యం పెంచితే నిల్వ పెరుగుతుందన్న సహజమైన ఊహను 2006లో యూరీ గొగోట్సీ, పాట్రిస్ సిమాన్ తదితరులు చేసిన పరిశోధన సవరించింది. ఒక నానోమీటరు కన్నా సన్నని రంధ్రాల్లోకి వెళ్లేటప్పుడు అయాన్ తనను చుట్టుకున్న ద్రావణి అణువులను కొంత విడిచిపెట్టి కార్బన్ గోడకు మరింత దగ్గరవుతుంది. ఆ రంధ్రాలు పనికిరావని అనుకున్న చోట చదరపు సెంటీమీటరుకు నిల్వ పెరిగింది. అంటే ఎంత ఉపరితలం ఉందన్నది కాక, ఆ ఉపరితలం ఏ ఆకృతిలో ఉందన్నది నిర్ణయాత్మకం. అదే శాస్త్రజ్ఞులు 2011లో మరో అసౌకర్యమైన విషయాన్ని ఎత్తిచూపారు. కొన్ని మైక్రోమీటర్ల పలుచని పొర మీద కొలిచి గ్రాముకు ఇంత అని ప్రకటించే అంకెలు మొత్తం పరికరానికి, అంటే రేకులు, ఎలక్ట్రోలైట్, పై తొడుగు అన్నీ కలిసినదానికి, వర్తించవు. వాణిజ్య పరికరంలో కార్బన్ బరువు మొత్తంలో సుమారు 30 శాతమే కనుక అక్కడే అంకె మూడు నాలుగు రెట్లు పడిపోతుంది, పలుచని పొరల విషయంలో ఆ పతనం ఇంకా ఘోరంగా ఉంటుంది.

ఉత్ప్రేరణ రంగం పట్టువిడుపుల సంగతిని అందరికన్నా ముందే గుర్తించింది. ఉత్ప్రేరకం అణువును మరీ వదులుగా పట్టుకుంటే చర్య మొదలు కాదు, మరీ గట్టిగా పట్టుకుంటే ఉత్పన్నం కదలదు అన్న సూత్రం 1912 నోబెల్ గ్రహీత పాల్ సబాటియె పేరు మీద నిలిచింది. హైడ్రోజన్ వంటి ఇంధనం ఆక్సిజన్‌తో జరిపే చర్య నుంచి విద్యుత్తును తీసే ఇంధన ఘటాల్లో ఆక్సిజన్ క్షయకరణానికి వాడే ప్లాటినం దీనికి మంచి నిదర్శనం. ప్లాటినం ఖరీదైనది కనుక దానిని కార్బన్ మీద 2 నుంచి 5 నానోమీటర్ల కణాలుగా వెదజల్లుతారు. కణాన్ని ఇంకా చిన్నది చేస్తే లాభం ఇంకా పెరగాలి కదా? పెరగదు. దాదాపు 3 నానోమీటర్ల దగ్గర గ్రాము ప్లాటినానికి వచ్చే చురుకుదనం శిఖరానికి చేరి, అంతకన్నా చిన్న కణాల్లో పడిపోతుంది. అంచుల్లో, మూలల్లో ఉన్న పరమాణువుల వాటా పెరిగి, అవి ఆక్సిజన్‌ను అవసరానికి మించి బిగించి పట్టుకోవడమే ఇందుకు కారణం. ప్లాటినానికి నికెల్ తోడైన మిశ్రమలోహపు ఒక ప్రత్యేక స్ఫటిక తలం, అదే రకం శుద్ధ ప్లాటినం తలంకన్నా పది రెట్లు చురుకైనదని 2007లో స్టామెన్‌కోవిచ్, మార్కోవిచ్ తదితరులు చూపినప్పుడు ఆ మెరుగుదలకు మూలం పట్టు స్వల్పంగా సడలడమే. పరిపూర్ణమైన ఆ తలాన్ని ఇంధన ఘటంలోని ఆమ్ల మాధ్యమంలో, నానో కణాల మీద, వేల గంటలు నిలపడం మాత్రం వేరే కథ. నికెల్ కరిగిపోతుంది, ప్లాటినం కూడా మెల్లగా కరిగి పెద్ద కణాల మీద చేరుతుంది, ఆధారంగా ఉన్న కార్బనే ఆక్సీకరణం చెంది కణాల కింది నేల జారిపోతుంది.

ప్లాటినాన్ని తప్పించే ప్రయత్నాల్లో మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ కథ చెప్పుకోదగినది. చమురు శుద్ధి కర్మాగారాల్లో గంధకాన్ని తొలగించడానికి దశాబ్దాలుగా వాడుతున్న ఈ పొరల పదార్థం, నీటి నుంచి హైడ్రోజన్‌ను విడదీయడంలో కూడా పనికొస్తుందని తేలింది. దాని చదునైన విశాల తలం దాదాపు నిష్క్రియం. 2007లో థామస్ జరమియో, చోర్కెండార్ఫ్ తదితరులు నానో స్ఫటికాలను ఒక్కొక్కటిగా లెక్కించి, చురుకుదనం వైశాల్యానికి కాక అంచుల పొడవుకు అనుపాతంలో ఉందని నిరూపించారు. ఆ తర్వాత పరిశోధన దిశ మారింది: పొడిని మెత్తగా నూరడం కాక, అంచులు ఎక్కువగా బయటపడేలా స్ఫటికాన్ని పెంచడం లక్ష్యమైంది. ఈ దారిలో చివరి మజిలీ ఏక పరమాణు ఉత్ప్రేరకాలు. ఐరన్ ఆక్సైడ్ మీద ప్లాటినం పరమాణువులను ఒంటరిగా నిలిపి 2011లో చైనా శాస్త్రజ్ఞుడు తావో ఝాంగ్, ఆయన సహచరులు ఆ పేరును ప్రచారంలోకి తెచ్చారు. ఇక్కడ ప్రతి పరమాణువూ ఉపరితలమే, వృథా సున్నా. దానిని పట్టి ఉంచే లంగరు ఏమిటన్నదే మొత్తం సమస్య. లంగరు తెగితే పరమాణువులు గుంపులు కట్టడానికి ఎక్కువ సేపు పట్టదు.

నిజం చెప్పాలంటే లంగరు అన్న ఆలోచన కొత్తది కాదు. అమ్మోనియా తయారీకి ఇనుప ఉత్ప్రేరకం కోసం నూరేళ్లకు పైబడిన కిందట ఆల్విన్ మిటాష్ వేలాది మిశ్రమాలను పరీక్షించి, కొద్దిగా అల్యూమినా కలిపిన ఇనుమును ఎంచుకున్నాడు. అల్యూమినా స్వయంగా చర్యలో పాల్గొనదు. ఇనుప స్ఫటికాల మధ్య దూరి, అంత వేడిలోనూ అవి ఒకదానితో ఒకటి అతుక్కుపోకుండా అడ్డుకుంటుంది. నానో అన్న మాట పుట్టకముందే ఆ నేర్పు ఉంది, ఆ ఉత్ప్రేరకపు వారసులు నేటికీ కర్మాగారాల్లో సంవత్సరాల తరబడి పనిచేస్తున్నాయి. కొత్త ఉత్ప్రేరకాల వ్యాసాల్లో పదుల గంటల మన్నికను గొప్పగా చెప్పినప్పుడు ఈ పోలిక గుర్తుకు రాక మానదు.

ఉపరితలం ఇంత చురుకైనదైతే మాలిన్యాలకు కూడా అంతే లొంగుతుంది, ఈ రంగంలో పలు పొరపాట్లు అక్కడే పుట్టాయి. క్షార ద్రావణంలో ఆక్సిజన్‌ను విడుదల చేసే నికెల్ హైడ్రాక్సైడ్ ఉత్ప్రేరకాన్నే తీసుకుంటే, దాని చురుకుదనంలో పెద్ద భాగం నికెల్‌ది కాదని, మార్కెట్లో దొరికే పొటాషియం హైడ్రాక్సైడ్‌లో లేశమాత్రంగా ఉండే ఇనుము నికెల్‌లోకి చేరడం వల్ల వచ్చిందని 2014 నాటి ప్రయోగాలు నిర్ధారించాయి. ఇనుము పూర్తిగా తొలగించిన ద్రావణంలో నికెల్ నీరసపడింది. ప్లాటినం లేని ఉత్ప్రేరకాన్ని పరీక్షించేటప్పుడు ఎదుటి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగను వాడితే, ఆ తీగ కొద్దికొద్దిగా కరిగి పరీక్షలో ఉన్న పదార్థం మీద పేరుకుంటుంది, ఫలితం రోజురోజుకూ మెరుగైనట్టు కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద నైట్రోజన్‌ను విద్యుత్తుతో అమ్మోనియాగా మార్చామన్న ప్రకటనలు అన్నింటికన్నా పెద్ద గుణపాఠం: ఉత్పత్తి అయిందన్న అమ్మోనియా ఎంత స్వల్పమంటే, గాలిలో, ఊపిరిలో, చేతి తొడుగుల్లో, నైట్రోజన్ సిలిండర్‌లోని మలినాల్లో ఉన్నది కూడా దానికి సరితూగుతుంది. భార నైట్రోజన్ ఐసోటోప్ వాడి, అమ్మోనియాలో అదే కనిపించిందని చూపనిదే ఫలితాన్ని నమ్మరాదని 2019లో ప్రచురితమైన పరీక్షా విధానం పట్టుబట్టింది. ఈ కఠినత్వం ఇంకా ముందే రావలసింది.

రసాయన సెన్సర్లలో ఉపరితలం పాత్ర మరీ నేరుగా కనిపిస్తుంది. 1962లో జపాన్‌లో సెయామా బృందం జింక్ ఆక్సైడ్ పొర విద్యుత్ నిరోధం వాయువును బట్టి మారుతుందని చూపింది. అదే కాలంలో టగూచి టిన్ డయాక్సైడ్‌తో వాయు లీకేజీని పసిగట్టే పరికరాన్ని రూపొందించాడు. వేడెక్కిన టిన్ డయాక్సైడ్ మీద గాలిలోని ఆక్సిజన్ అతుక్కుని లోపలి నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, దాంతో కణపు పై పొర కొన్ని నానోమీటర్ల లోతు వరకు ఎలక్ట్రాన్లు లేక నిరోధకంగా మారుతుంది. హైడ్రోజన్ గానీ కార్బన్ మోనాక్సైడ్ గానీ వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు వెనక్కి వచ్చి, నిరోధం తగ్గుతుంది. కణం వ్యాసం ఆ పొర లోతుకు రెట్టింపు, అంటే సుమారు 6 నానోమీటర్లకు తగ్గితే కణం మొత్తం పై పొరే అయిపోతుంది కనుక సూక్ష్మగ్రాహ్యత ఒక్కసారిగా ఎగబాకుతుందని 1991లో యమజోయె సహచరులతో కలిసి చూపాడు. నానో పరిమాణానికి ఇంతకన్నా చక్కని సమర్థన దొరకదు. ఇంతకన్నా చక్కని హెచ్చరికా దొరకదు: ఈ సెన్సర్ 200 నుంచి 400 డిగ్రీల మధ్య నెలల తరబడి వేడిగా ఉండాలి, ఆ వేడిలో ఆరు నానోమీటర్ల కణాలు ఆరుగా మిగలవు.

వేడి లేకుండా పనిచేయించే ఆశ, కార్బన్ పరమాణువుల అతి సన్నని గొట్టాలైన కార్బన్ నానోట్యూబులతో చిగురించింది. ఒకే గోడ ఉన్న ట్యూబు గది ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్ డయాక్సైడ్‌ను, అమ్మోనియాను గుర్తించగలదని 2000లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ డాయ్ బృందం నిరూపించింది. గుర్తించడం సెకన్లలో జరిగింది. పాత స్థితికి రావడానికి గంటలు పట్టింది. పట్టు గట్టిది కాకపోతే అతి స్వల్ప మోతాదు పట్టుబడదు, పట్టు గట్టిదైతే అణువు వదలదు, వదలని అణువు తర్వాతి కొలతను తప్పుదారి పట్టిస్తుంది. కొద్దిగా వేడిచేయడం, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేయడం వంటి ఉపాయాలతో విడుపును బలవంతంగా తెప్పిస్తున్నారు. ఈ విషయంలో హైడ్రోజన్ సెన్సర్లకు పల్లాడియం దొరకడం అదృష్టమే; హైడ్రోజన్ దాని స్ఫటికంలోకి సునాయాసంగా దూరుతుంది, గాఢత తగ్గగానే బయటికి వస్తుంది, కొంత బంగారం కలిపితే రాకపోకల మధ్య ఉండే తేడా కూడా తగ్గుతుంది.

సూక్ష్మగ్రాహ్యతను మించిన చిక్కు వరణాత్మకత, అంటే కావలసిన వాయువుకే స్పందించడం. టిన్ డయాక్సైడ్ కార్బన్ మోనాక్సైడ్‌కు స్పందిస్తుంది, హైడ్రోజన్‌కు స్పందిస్తుంది, ఆల్కహాల్ ఆవిరికి ఇంకా ఉత్సాహంగా స్పందిస్తుంది. అన్నింటికన్నా ఎక్కువగా గాలిలో ఎప్పుడూ ఉండే నీటి ఆవిరి దాని ఉపరితలాన్ని ఆక్రమిస్తుంది. పొడి గాలిలో, ఒకే వాయువును వదిలి, వంద కోట్ల అణువుల్లో ఒక్కటి ఉన్నా పసిగట్టామని చెప్పే ఫలితం తేమ గాలిలో ఎన్ని వాయువుల మధ్య ఎంత నిలిచిందన్నది చెప్పనంత వరకు అసంపూర్ణమే. ఒక్కొక్కటీ కొంచెం కొంచెం వేరుగా స్పందించే సెన్సర్లను వరుసగా పేర్చి, వాటి ఉమ్మడి సరళిని గణన పద్ధతులతో గుర్తించే ఎలక్ట్రానిక్ ముక్కు అన్న భావన 1982 నుంచి ఉంది. ఇటీవలి యంత్ర అభ్యసన పద్ధతులు దానికి ఊతమిచ్చాయి. కానీ కాలక్రమేణా ఉపరితలమే మారిపోతే, నేర్చుకున్న సరళి నిన్నటి సెన్సర్‌దే అవుతుంది.

ఈ నేపథ్యంలో నానో సెన్సర్లలో కెల్లా విస్తృతంగా జనంలోకి వెళ్లినది ఏదో గమనిస్తే విశేషం తెలుస్తుంది. గర్భ నిర్ధారణ పట్టీల మీద, అంటువ్యాధుల సత్వర పరీక్షా పట్టీల మీద కనిపించే ఎర్ర గీత సాధారణంగా బంగారు నానో కణాలదే. అతి చిన్న బంగారు కణాల ద్రావణం కెంపు రంగులో ఉంటుందని ఫారడే 1857లోనే వివరించాడు. కణంలోని ఎలక్ట్రాన్లు సామూహికంగా ఊగుతూ 520 నానోమీటర్ల పరిసరాల్లోని ఆకుపచ్చ కాంతిని పీల్చుకోవడం ఆ ఎరుపుకు కారణం. కణాల మీద అతికించిన ప్రతిరక్షకాలు లక్ష్య అణువును పట్టుకుని గీత దగ్గర చిక్కుకుంటాయి. ఇక్కడ పట్టే కావాలి, విడుపు అవసరమే లేదు. పట్టీని ఒకసారి వాడి పారేస్తారు. మన్నిక, పునరుద్ధరణ, దీర్ఘకాలిక మార్పు అనే మూడు శత్రువులనూ పరికరం రూపకల్పనే పక్కకు తప్పించింది. పదార్థాన్ని మెరుగుపరచడం కన్నా దానికి తగిన పనిని ఎంచుకోవడం వల్ల వచ్చిన విజయమిది.

మిగిలినది తయారీ. మెత్తని నానో పొడి గాలిలో లేచిపోతుంది, కవాటాలకు అతుక్కుంటుంది, గుల్లగా ఉండడం వల్ల ఒక ఘన సెంటీమీటరులో పట్టే పదార్థం తక్కువ. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము పూసి చూపిన బ్యాటరీ ఎలక్ట్రోడ్‌ను కర్మాగారంలో పది మిల్లీగ్రాములకు పైగా పూయవలసి వస్తుంది, ఆ మందంలో అయాన్ల ప్రయాణమే అడ్డంకి అవుతుంది. దీనికి దొరికిన సమాధానం కొంత విడ్డూరంగా కనిపిస్తుంది: నానో కణాలను తిరిగి మైక్రోమీటర్ల ముద్దలుగా కట్టడం. వ్యాపనం జరిగేది నానో దూరాల్లో, యంత్రానికి తగిలేది పెద్ద గింజ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను ఈ పద్ధతిలో విరివిగా తయారు చేస్తున్నారు. సిలికాన్ నానో కణాలను దానిమ్మ గింజల్లా ఒక కార్బన్ తొడుగులో కూర్చి, ఎలక్ట్రోలైట్‌కు తగిలే ఉపరితలాన్ని తొడుగు వరకే పరిమితం చేసే నిర్మాణాన్ని యీ కుయ్ బృందం 2014లో ప్రతిపాదించింది. లోపల ఉబ్బడానికి చోటుంది, బయట పొర చిరగడానికి కారణం లేదు. కార్మికుల ఆరోగ్యం దృష్ట్యా కూడా ఈ ముద్దలకు ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగలిగేది విడి కణమే. బహుళ గోడల కార్బన్ నానోట్యూబుల్లో ఒక రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. బ్యాటరీ పూతల్లో వాహకత కోసం నానోట్యూబులను కలిపేవారు వాటిని ఎక్కువగా పొడిగా కాక ముందే ద్రవంలో కలిపిన ముద్దగా కొనడానికి సమంగా కలపడంలోని సౌలభ్యంతో పాటు ఈ జాగ్రత్త కూడా కారణం.